బట్టల దండెం, రెండు పడక గదులు

దివాలా తీసిన దేశంలో ఎవరు ఎంత ఆశపడాలన్నది జనం ఇష్టానికి వదిలెయ్యకూడదని, సంక్షోభం వచ్చిన కొన్నాళ్లకు మా గ్రీసు ప్రభుత్వం గ్రహించింది. గ్రహించిన మర్నాడే ఆశల సవరణ శాఖ వెలిసింది. (పింఛన్లు కోసిన గదికి ఎదురు గదిలోనే. జనం ఎక్కువ దూరం తిరక్కూడదని.)

ఆశను కొలవడమెలా అని అధికారులు తల పట్టుకుంటే, అప్పిచ్చినవాళ్ల తరఫున వచ్చిన ఒక నిపుణుడు హోటల్ కిటికీలోంచి చూసి కనిపెట్టాడు. మా పాత్రాస్‌లో ఏ ఇంటి మీద చూసినా స్లాబులోంచి ఇనప ఊచలు ఆకాశంలోకి నిక్కి ఉంటాయి. తండ్రి కింద ఇల్లు కట్టి, పిల్లల కాపురానికి ఎప్పటికైనా పై అంతస్తు లేస్తుందని ఊచలు వదిలేస్తాడు. నిపుణుడు అదిరిపడ్డాడట. చేతిలో చిల్లిగవ్వ లేదు, నెత్తిన ఇంత ఆశా! వెంటనే ఉత్తర్వు వచ్చింది: ఆదాయానికి మించిన ఊచలు నెల తిరిగేలోగా కోసెయ్యాలి.

మా పక్కింటి పాండెలిస్ ఓడల మరమ్మతులో వెల్డింగు చేసి రిటైరైన మనిషి. కూతురు మారూసో బళ్లో పాఠాలు చెబుతుంది, వారానికి మూడు రోజులు. మిగతా రోజుల్ని సంక్షోభం తినేసింది. ఆమెకూ ఆరిస్తోస్‌కూ నిశ్చితార్థమై ఏళ్లయింది. అతను వాళ్లమ్మ దగ్గర, ఈమె వీళ్లమ్మ దగ్గర. పై అంతస్తు లేస్తే తప్ప పెళ్లి లేదు, ఊచలు పోతే అంతస్తు లేదు.

తనిఖీకి క్లియోమెనిస్ అనే అధికారి మేడెక్కాడు. నేను పిట్టగోడ ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాను.

"ఇవేంటి పెద్దాయనా?"

"ఊచలు సార్."

"నాకూ కళ్లున్నాయి. దేనికని?"

"మా అమ్మాయి కాపురానికి."

"మూడు రోజుల జీతంతో కాపురమా?"

అంతలో పాండెలిస్ భార్య ఎవ్దోకియా వచ్చింది. అధికారి చేతిలో కాఫీ, నారింజ తొక్కల పాకం పెట్టి, చంకలోని తడి దుప్పటి తీసి ఊచల మీద పరిచేసింది.

"కాపురమూ లేదు గీపురమూ లేదు నాయనా. ఈయనకి మతిపోయింది. ఇవి బట్టలారేసుకునేవి. పాకం ఎలా ఉంది?"

క్లియోమెనిస్ రెండో చెంచా తిని, ఆలోచించి, బట్టల దండెం ఆశ కిందికి రాదని రాసుకున్నాడు. "మేం వచ్చినప్పుడల్లా తడిగా ఉండాలి మరి," అని హెచ్చరించి దిగిపోయాడు.

వారం తిరిగేసరికి వీధి వీధంతా వానలో కూడా దుప్పట్లు ఆరేసుకుంటోంది. పాత్రాస్ ప్రజలకు ఆశ పూర్తిగా నయమైందని శాఖ ప్రకటించింది. అప్పిచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

కొన్నేళ్లకు నిపుణులకు కొత్త బెంగ పట్టుకుంది. దేశం కోలుకుంది, అంకెలన్నీ పైకెక్కుతున్నాయి, జనం మాత్రం ఏమీ కొనరు, ఏమీ కట్టరు. దీనికి ఆశ లోటు అని పేరు పెట్టి, పై అంతస్తులకు చవక రుణాలన్నారు. అదే క్లియోమెనిస్ మళ్లీ మేడెక్కాడు.

"మీకు రుణం రాదు పెద్దాయనా. రికార్డులో మీకు ఊచలు లేవు. దండెం ఉంది."

"రాసింది నువ్వే కదయ్యా!" ఎవ్దోకియా నడుం మీద చేతులేసింది. "నా పాకం తిని మరీ రాశావు!"

"అందుకేనమ్మా మార్చలేను. సంతకం నాదైపోయింది." అతను గొంతు తగ్గించాడు. (మంచివాడే. నలభై దాటినా తనూ తల్లి ఇంట్లోనే ఉంటున్నాడు.) "దండేన్ని బాగుచేసుకోడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు."

మామా, కాబోయే అల్లుడూ కలిసి దండేనికి గాలి కొట్టకుండా గోడలు లేపారు, తడవకుండా కప్పేశారు. మూతపడ్డ దుకాణాల తలుపులూ అద్దాలూ తెచ్చి బిగించారు. పడకగది కిటికీ మీద ఇప్పటికీ "ఆఖరి తగ్గింపు" అని కనిపిస్తుంది. ఇంటిపన్ను కాగితం మీద మాత్రం "బట్టల దండెం, రెండు పడక గదులు" అని ఉంటుంది. ఇదంతా పూర్తయ్యేసరికి పెళ్లికూతురి జుట్టు అక్కడక్కడా నెరిసింది. అయినా మారూసో మెట్లెక్కి తన ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

మొన్న క్లియోమెనిస్ ఆశ లోటు తనిఖీకి వచ్చాడు. కొత్త కప్పు మీద మళ్లీ ఊచలు నిక్కి ఉండడం చూసి అతని మొహం విప్పారింది.

"శభాష్ పెద్దాయనా! మనవల కాపురానికేనా?"

పాండెలిస్ కూతురి వంక చూశాడు. మారూసో తడి దుప్పటి ఒకసారి దులిపి, ఊచల మీద వేసింది.

"కాదండీ. ఈసారి నిజంగా బట్టలకే."