అగ్నివక్త్రుడి మోకాలు

ఓ రసజ్ఞులారా, చెవులిటు వేయుడు! తూర్పుకనుమల ఉత్తుంగశిఖరశ్రేణి నడుమ, సిల్వర్ ఓకు వృక్షరాజముల ఛత్రచ్ఛాయలో కాఫీమొక్కలు కొలువుదీరిన గూడెం కొత్తవీధి మండలాన, ఫోను సిగ్నలు కోరువాడు గుట్టెక్కి ఒంటికాలిపై తపస్సు చేయవలసిన రేగుబంద అను ముప్పై ఇండ్ల మహాసామ్రాజ్యమున, చైత్రమాసపు ఇటుకల పండుగ రెండవనాటి ప్రాతఃకాలమున, సూర్యభగవానుడు పొగమంచును పక్కకు తోసి తొంగిచూడగా, ఆయన కిరణములకు మొట్టమొదట చిక్కినది ఒక తెల్లచొక్కా.

ఆ చొక్కా లోపల ఉన్నవాడు బుజ్జిబాబు. కాఫీపండ్ల తోలు ఒలిచే యంత్రమునకు ఏకైక సారథి, సకల బోల్టువిద్యావిశారదుడు, కనకాప్రాణవల్లభుడు, ముప్పైరెండేళ్ళ ప్రాయమున ఇంకను బొమ్మలకథలు చదువు నిర్మలహృదయుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మూడేళ్ళు వరుసగా పేడనీళ్ళలో తడిసినవాడు.

ఈ తడుపుడు సంగతి కొంచెం చెప్పాలి. ఇటుకల పండుగకు మగవారు వేటకై కొండెక్కుతారు, ఏదో ఒకటి పట్టుకుని దిగుతారు. ఖాళీ చేతులతో దిగినవానికి ఊరి మొగదల ఆడవారు పేడనీళ్ళతో అభిషేకం చేస్తారు. అది ఆచారం, దానిమీద అప్పీలు లేదు. అడవిజంతువుల జోలికి పోరాదని అడవిశాఖవారు బోర్డు పాతిన పిమ్మట, తేనెపట్టైనా అడవిదుంపైనా వేట కిందికే వస్తుందని రేగుబంద పెద్దలు దయతో సవరణ చేశారు. అంత వెసులుబాటు ఉండి కూడా మూడేళ్ళు ఖాళీ చేతులతో దిగడానికి ఒక ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. బుజ్జిబాబుకు అది దండిగా ఉంది.

కాని ఈ ఏడు సంగతి వేరు. పాతికేళ్ళుగా వేటపెద్దగా వెలిగిన పోలయ్యతాత, మోకాళ్ళు మొరాయించిన కారణమున పదవీత్యాగమునకు సిద్ధపడి, పెద్దరికపు గుర్తైన వేటకొమ్మును ఒళ్ళో పెట్టుకుని నిండు కొలువున ఇట్లు ప్రకటించియున్నాడు: "నా వొల్ల కాదర్రా. ఈ పాలి బుజ్జిగాడు, జగదీషుగాడు ఇద్దరూ పెద్దరికం అడుగుతున్నారు. ఎవుడు ముందు వేట తెత్తే ఆడికే కొమ్ము. వట్టి సేతుల్తో వత్తే ఇద్దరికీ పేడే."

జగదీషనగా కనకకు స్వయాన అన్న, బుజ్జిబాబుకు బావ, తొమ్మిదిమంది పట్టు జీపులో ఇరవైరెండుమందిని ఇమిడ్చి ఘాటురోడ్డు దిగగల అసహాయశూరుడు. ఇతనికీ బుజ్జిబాబుకూ నడుమ రగులుతున్న వైరం ఈ కొమ్ముతో పుట్టినది కాదు. దాని మూలము ఇరవైనాలుగేళ్ళ వెనుక, వీరు చదివిన ఆశ్రమ పాఠశాలలో ఉన్నది.

ఎవరో పుణ్యాత్ములు పంపిన పాతపుస్తకాల కట్టలో ఒకే ఒక్క బొమ్మలకథ ఆ బడికి వచ్చింది. అందులో గగనాంతరసీమలను దద్దరిల్లజేయు పర్వతప్రమాణ దేహులైన రోబోలు ఉండిరి. వారి సేనాపతి రక్తవర్ణకవచుడు అగ్నివక్త్రుడు. అతని కిందనే పనిచేయుచు, అతని అన్నమే, అనగా అతని చమురే తాగి, పదవి నాదని తిరగబడిన ఉపసేనాపతి నీలవర్ణుడు శీతదంష్ట్రుడు. ఎవని రొమ్మున నాయకబోల్టు బిగిసియుండునో వాడే ఇనుపజాతికి ప్రభువు. చివరి నుంచి రెండవ పుటలో అగ్నివక్త్రుడు దెబ్బతిని బోర్లాపడి ఉంటాడు, కాని అతని కుడిచేయి బోల్టును వదలదు. ఆవలి కొసను శీతదంష్ట్రుడు గుంజుతుంటాడు. పుట తిప్పితే పుట లేదు. ఎవరో చింపుకుపోయారు.

ఎనిమిదేళ్ళ బుజ్జిబాబు ఆ రోజుల్లో ఇంటిమీద బెంగతో అన్నం మానేసి ఉన్నాడు. అంతటి ఉక్కువాడే పడ్డాడు, పడినవాడు లేస్తాడు, ఐతే నేనూ లేస్తాను అనుకుని ఆ పూట కంచం ముందు కూర్చున్నాడు. అందుచేత అగ్నివక్త్రుడు లేవలేదని ఎవరైనా అంటే ఆయన నేటికీ తింటున్న కంచం పక్కకు తోసేస్తాడు. నవ్వేవారు నవ్వవచ్చును, మేము మాత్రం నవ్వము. జగదీషు మాత్రం పెళ్ళిళ్ళలో, సంతలో, చివరికి బుజ్జిబాబు పెళ్ళిపీటల మీద కూడా ఆ మాటే అన్నాడు: "ఆడు లెగడురా. ఐపోనాడు."

ఇక ఆ ఉదయం. గడపలో నిలిచిన కనక తెల్లచొక్కాను పైనుంచి కిందికి చూసి, "తెల్లసొక్కా ఏసినావేటి బావా? పేడ బాగా అవుపడాలనా?" అన్నది.

బుజ్జిబాబు రొమ్ము విరిచి, దిక్కులు మారుమ్రోగ ఇట్లు ప్రతిన బూనెను: "కనకా! ఈ సొక్కా మీద ఒక్క సుక్క పడితే నా పేరు బుజ్జిబాబే కాదు!"

"మరేటి పేరెట్టమంటావు? బేగి సెప్పీ, పేడ కలుపుకోవాల," అని ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

పిమ్మట ఆ వీరుడు గునపము భుజాన వేసికొని, మిగిలిన వేటగాండ్రు తేనెపట్టులు వెదకుచు ఎడమదారిని పోవ, తాను కుడిదారిని పట్టి, మిరియపుతీగలు పెనవేసుకున్న చెట్లను దాటి, జారుడుబండలను పాకి, జలగలకు యథాశక్తి రక్తదానము చేయుచు, పదిరోజుల నాడే ఎవరికీ చెప్పకుండ కనిపెట్టి పెట్టుకున్న ఒకానొక దుంపతీగ వద్దకు చేరెను. అది బండరాతికి చుట్టుకుని ఉన్నది. దాని లావు చూస్తే కింద ఉన్న దుంప పసిపిల్లంత ఉంటుందని తెలుస్తోంది. ఆయన చొక్కా చేతులు మడిచి తవ్వనారంభించెను. అడవిదుంప భూగర్భమున నిట్టనిలువుగా దిగియుండును. చుట్టూ ఓపికగా మట్టి తీయవలెనే గాని తొందరపడి లాగరాదు, లాగిన విరుగును. కొండలో నడక నేర్చిన ప్రతి ప్రాణికీ ఇది తెలుసు.

గంటన్నర సాగిన తవ్వకము పిమ్మట ఆయన చేయి గోతిలో దుంప మెడను అందుకున్నది. అదే క్షణమున, బండకు ఆవలివైపునుంచి తవ్విన ఇంకొక గోతిలోనుంచి ఇంకొక చేయి వచ్చి అదే దుంప నడుమును అందుకున్నది. జీపు స్టీరింగు పట్టి పట్టి కాయలు కాచిన చేయి అది.

"ఒగ్గీ బావా," అన్నది బండ ఆవలినుంచి జగదీషు గొంతు. "ఈ తీగని నాను వారం కింద సూసుకున్నాను."

"నాను పది రోజుల కిందే సూసుకున్నాను. నువ్వే ఒగ్గీ."

అంతట ఇరువురు వీరులు బండకు చెరొకవైపు లేచి, ఒంటిచేత దుంపను విడువక, ఒండొరుల తేరిపార చూచిరి. ఎండ నడినెత్తికెక్కుచుండెను. కొండగాలి స్తంభించెను. అప్పుడు జగదీషు, ఇరవైనాలుగేళ్ళుగా కంఠస్థమైన పుటను కంఠము విప్పి ఉద్ఘోషించెను:

"ఓయీ అగ్నివక్త్రా! నీ శకము ముగిసెను. నీ కీళ్ళయందు చమురింకెను, నీ దీపనేత్రములు మినుకుమినుకుమనుచున్నవి. నిన్ను మోసి మోసి ఈ గ్రహము అలసెను. బోల్టు విడువుము! ఇనుపజాతికి ఇకపై ఏకచ్ఛత్రాధిపతి ఈ శీతదంష్ట్రుడే!"

బుజ్జిబాబు కన్నులు ఎర్రబారెను. మట్టికొట్టుకున్న తెల్లచొక్కా రొమ్మున చేయి వేసికొని, తడబడక అందుకొనెను:

"శీతదంష్ట్రా! బోల్టును బిగించుటకు బలము చాలును, అది నిలుచుటకు సేన నమ్మకము కావలెను. నన్ను కూల్చితినని మురియకుము. నేను వేయిసార్లు కూలితిని, వేయిన్నొక్కసారి లేచితిని!"

జగదీషు ఒక్క క్షణం శత్రుత్వం మరచి, "ఇది నాకెప్పుడూ అర్థం కాదు బావా," అన్నాడు. "ఎయ్యిసార్లు పడినోడు ఎయ్యిసార్లే కదా లెగాల. ఆ ఒకటెక్కడిది?"

"పొద్దున్న మంచం మీంచి లెగిసింది కలిపినాడు," అన్నాడు బుజ్జిబాబు.

జగదీషు ఆలోచించి, సబబే అన్నట్టు తల ఊపి, మళ్ళీ గుంజాడు. ఆహా, ఏమని వర్ణింతుము ఆ సమరమును! ఇటు కాఫీయంత్రచాలకభుజబలము, అటు జీపువాహకమణిబంధశక్తి. ఇటు ఊపిరి బిగబట్టుట, అటు పండ్లు కొరుకుట. గోతులనుండి ఎగసిన ధూళి ఎండపొడను కప్పివేయ, కొమ్మపై కూర్చున్న పిట్ట ఒకటి చూడలేక ఎగిరిపోవ, ఆచారముగా లాగరానిదానిని, లాగిన విరుగునని చంటిపిల్లలకు సైతము తెలిసినదానిని, ఆ ఇద్దరు మహావీరులు ఒక్కసారిగా శక్తికొలది లాగిరి.

టప్పుమన్నది.

ఇద్దరూ చెరొకవైపు వెల్లకిల పడ్డారు. సగం దుంప ఈవలి వాలున, సగం దుంప ఆవలి వాలున, ఎగిరెగిరి పడుతూ, అడుగున వాగులో మునిగి, ప్రవాహంతో పాటు సీలేరు వైపు వెళ్ళిపోయాయి. కింద ఊళ్ళో డప్పులు మ్రోగుతున్నాయి. మిగతావారు తేనెతో దిగిపోయారన్నమాట.

ఊరి మొగదల కొంగులు బిగించిన స్త్రీసైన్యము బారులు తీరియున్నది. ముందువరుసన నూకరత్నం, రత్నాలు అను వీరనారులు. మధ్యమున బకెట్టుతో కనక. రాతిమీద కొమ్ముతో పోలయ్యతాత. పరాజితులు ఖాళీ చేతులతో, నోటినిండా మాటలతో దిగివచ్చిరి.

"నువ్వు లాగబట్టే ఇరిగింది!"

"నువ్వు ఒగ్గకపోబట్టి! అగ్నివక్త్రుడూ అంతే, పడిపోయినా ఒగ్గడు, ఆడికి ఇంగితం నేదు!"

"ఆడు లెగుత్తాడు కాబట్టి ఒగ్గడు!"

"ఏటి ఇరిగింది?" అన్నది కనక. "సరిగ్గా సెప్పండి. ఇద్దరూ సెరోపక్క లాగితే నడుమకిరిగిందా? ఇద్దరూ ఎనక్కి పడిపోనారా?"

ఔనన్నారు. కనక బకెట్టు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వి, గబగబా ఇంట్లోకి పోయి, అదే ఆశ్రమ పాఠశాల హాస్టలునాటి తన రేకుపెట్టెను నెత్తిన పెట్టుకుని వచ్చి అందరి ముందు దించింది. ఆ పెట్టె పదమూడేళ్ళుగా బుజ్జిబాబు ఇంట్లోనే, ఆయన మంచం కిందనే ఉన్నది. చీరలు తప్ప ఏముంటాయని ఆయన ఏనాడూ మూత ఎత్తి చూడలేదు.

మూత లోపలివైపు ఒక దేవుడి కేలండరు బొమ్మ అంటించి ఉన్నది. కనక దానిని జాగ్రత్తగా ఒలిచింది. అడుగున, మైదాజిగురు మరకల నడుమ, రంగు వెలసి, అంచులు పెచ్చులూడి, చివరి పుట ఉన్నది.

బుజ్జిబాబు పెట్టె ముందు చతికిలబడ్డాడు.

"నువ్వా సింపింది?" అన్నాడు జగదీషు.

"పుస్తకాల కట్ట ముందు మా ఆడపిల్లల గదిలోనే కదా ఇప్పినారు. ఆ పుస్తకం మొత్తమ్మీద ఒక్కర్తే ఆడది ఉంది. ఆ బొమ్మ నాకు కావాలనిపించింది. సింపుకున్నాను."

"ఇరవైనాలుగేళ్ళు! ఒక్క మాట సెప్పొచ్చు కదే!" అన్నాడు జగదీషు మళ్ళీ.

"ఏనాడన్నా అడిగినారా నన్ను?" అన్నది కనక. "మీలో మీరే కొట్టుకున్నారు. ఏ కనకా, నీకేటన్నా తెలుసా అని ఒక్కపాలి, ఒక్కపాలి అడిగినారా?"

ఆ ఇద్దరు మహావక్తలు చేతులు కట్టుకుని పెట్టెవైపు జరిగిరి.

అందరూ పెట్టె మీదికి వంగారు. ఇనుపసింహాసనము ముందు నాయకబోల్టు నడుమకు విరిగి, చెరొకవైపు అగ్నివక్త్రుడు, శీతదంష్ట్రుడు కూలియున్నారు. సింహాసనము మీద, కథ పొడవునా ఇద్దరి కీళ్ళకూ నూనె పోస్తూ పుటకొక మూల కనిపించిన నూనెబుడ్డి అను చిట్టి ఆడరోబో, కాలుమీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నది. విరిగిన బోల్టు రెండు ముక్కలూ దాని ఒళ్ళో ఉన్నాయి.

పోలయ్యతాత బొమ్మను చూశాడు. కనకను చూశాడు. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నాలుగడుగులు వేసి, వేటకొమ్మును ఆమె చేతిలో పెట్టాడు.

"ఆడకూతురికి కొమ్మేటి తాతా?" అన్నాడు జగదీషు.

"బొమ్మలో ఉన్నాది కదరా," అన్నాడు తాత. "మీరిద్దరూ సదువుకున్నోళ్ళు, సదవండి."

బుజ్జిబాబు ఇదేమీ వినడం లేదు. ఆయన ముక్కు బొమ్మకు ఆనుకుని ఉన్నది. ఎర్రరంగు వెలసి గులాబీగా మారిన అగ్నివక్త్రుడిని ఆయన తల నుంచి పాదం దాకా వెదుకుతున్నాడు. శీతదంష్ట్రుడి రెండు కాళ్ళూ నేలకు పరచుకుని ఉన్నాయి. అగ్నివక్త్రుడి ఎడమకాలూ అంతే. కుడికాలు మాత్రం...

"మోకాలు!" అని అరిచాడు. "సూడండి! నేల మీద నేదు! లేపినాడు! కింద నీడ కూడా ఏసినారు! లెగుత్తన్నాడు!"

"పడతా పడతా వంచిన మోకాలు బావా అది," అన్నాడు జగదీషు.

"నేదు! సెయ్యి కూడా నేలకి ఆనించినాడు సూడు, ఊతానికి!" ఆయన తల ఎత్తి భార్యవైపు తిరిగాడు. "కనకా, నువ్వు సెప్పు. నిన్నే అడుగుతున్నాను. లెగుత్తన్నాడా, నేదా?"

కనక భర్తవైపు చూసింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆ సంగతి ఆయన తనను అడగడం ఇదే మొదలు. ఆమె పెట్టె దగ్గర కూర్చుని, నవ్వకుండా, నిదానంగా బొమ్మను చూసింది.

"లెగుత్తన్నాడు బావా," అన్నది. "నానెప్పుడో సూసినాను."

ఆ మాట అని, కొత్త వేటపెద్ద లేచి కొమ్ము నోట పెట్టుకుని, కొండలు ప్రతిధ్వనింప పూరించెను. స్త్రీసైన్యము ఒక్కపెట్టున బకెట్లెత్తెను. ఆచారము ఆచారమే. గోమయధారాసంపాతమున తెల్లచొక్కా ముందు పచ్చబడి, పిదప గోధుమబడి, తుదకు ఏ రంగో చెప్పనలవిగాని స్థితికి చేరెను. జగదీషు జారి పడ్డాడు, అతనిని పట్టుకోబోయి బుజ్జిబాబూ పడ్డాడు. డప్పుల మోత మిన్నుముట్టెను.

కావున ఓ శ్రోతలారా, లోకములారా, దిక్పాలకులారా, వినుడు! చైత్రమాసమున, రేగుబంద మహాసామ్రాజ్యపు మొగదల, పేడబురద నడుమ, వరుసగా నాలుగవయేట ఓడి, పదవి పోగొట్టుకుని, చొక్కా పోగొట్టుకుని, అన్నమాట ప్రకారము పేరు కూడా పోగొట్టుకుని బోర్లాపడియున్న ఆ మహావీరుడు, పిలిచినా పలుకక, చేయి అందించినా అందుకొనక, సమస్త జనులు చూచుచుండగా, తన కుడిమోకాలిని నేలనుండి నాలుగువేళ్ళ ఎత్తునకు లేపెను!