ఆర్బే పలాంకా

శుక్రవారం పొద్దున్నే జున్ను రొట్టె నములుతూ ఆర్బే లుకుమీ ఆ రోజు పథకం ఖాయం చేసుకున్నాడు. అతను పనిచేసేది కాలీ నగరంలోని నీటి బిల్లుల ఆఫీసులో. అక్కడ శుక్రవారం భోజనవేళ వీడియో గేములో ముష్టియుద్ధాలు జరుగుతాయి. పై అధికారిణి యోలిమా గేమ్‌ప్యాడ్ పట్టుకుని ప్రతి వారం అతన్ని మట్టి కరిపిస్తోంది. లోపం తనలో లేదనీ, గేమ్‌ప్యాడ్‌లో ఉందనీ ఆర్బే వాదన. బొటనవేళ్లతో ఎవరైనా యుద్ధం చేస్తారా? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి న్యాయంగా గెలిస్తే చాలు, ఆ మాట రుజువైపోతుంది.

అందుకే బావమరిది దగ్గర్నుంచి పాతకాలం వీడియో ఆటల కొట్లోని పలాంకా తెప్పించాడు. గేమ్‌ప్యాడ్ బదులు పిడికిలితో పట్టుకుని ఆడే, పెట్టెకు బిగించిన గుండుతల కర్ర అది. దాన్ని సంచిలో పెట్టుకుని బస్సులోంచి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పలాంకా చేతికొచ్చింది! ఇక యోలిమా మేడమ్ పని అయిపోయినట్టే. మధ్యాహ్నానికల్లా కింద పడేస్తా చూడు!"

వెనక సీట్లో అదే ఆఫీసు గుమస్తా నూబియా ఉంది. పలాంకా అంటే ఆ ఊళ్లో పైవాళ్ల దగ్గర పలుకుబడి అని కూడా అర్థం. నూబియాకు ఆటల సంగతి తెలియదు గానీ పలుకుబడి సంగతి బాగా తెలుసు. బస్సు దిగేలోగా ఆఫీసంతటికీ కబురు చేరిపోయింది.

ఆర్బే వెళ్లేసరికి అతని విరిగిన కుర్చీ స్థానంలో మెత్తటిది వెలిసింది. నూబియా కాఫీ పట్టుకుని నిలబడింది.

"డాక్టర్ ఆర్బే గారూ, మా తమ్ముడి బదిలీ సంగతి కాస్త చూడాలి. మీ పలాంకా గట్టిదట కదా!"

ఆ ఊళ్లో పెద్ద హోదా ఉన్నవాళ్లనే డాక్టర్ అంటారు; తనెప్పుడు డాక్టరయ్యాడో ఆర్బేకి అర్థం కాలేదు. పలాంకాని మెచ్చుకుంటే మాత్రం పొంగిపోయాడు.

"గట్టిదే! అప్పుడప్పుడు కాస్త నూనె పట్టించాలి, అంతే."

"అది మాకు తెలీదా? ఎంత పట్టించాలి?"

"రెండు చుక్కలు చాలు."

లంచం అంత చవకా అని నూబియా ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. తెర మీద యోలిమా బొమ్మ చేతులు కట్టుకుని నిలబడి తన్నులు తింది. ఆర్బేకి ఏడుపొక్కటే తక్కువ.

"మేడమ్, మీరసలు ఆడటం లేదు! ఇదీ ఒక గెలుపేనా? నా పలాంకాకి అవమానం!"

"అయ్యో, ఆయనకు చెప్పకండి బాబూ! నా పెన్షన్‌కి ఇంకా రెండేళ్లుంది!"

"ఎవరికి?"

"మీ పలాంకాకి!"

"ఏం పలాంకా? ఇదిగో పలాంకా!" అని ఆర్బే పెట్టె పైకెత్తి చూపించాడు.

"అంతేనా?" అంది యోలిమా. చొక్కా చేతులు మడిచింది. "రావోయ్ ఆర్బే, ఇప్పుడు ఆడదాం."

నూబియా మెత్తటి కుర్చీ లాగేసుకుంది. దాంతో ఆర్బే చిన్నప్పుడు ఆటల కొట్లో ఆడినట్టే నిలబడి ఆడాడు. యోలిమా ప్రాణం పెట్టి పోరాడింది. అయినా ఓడిపోయింది.

"న్యాయంగా గెలిచాను! నేను గెలిచాను!" అని ఆర్బే గంతులేశాడు.

"నువ్వెక్కడ గెలిచావు? ఇన్నాళ్లూ ఓడితే తప్పు గేమ్‌ప్యాడ్‌దన్నావు. మరి గెలిస్తే గొప్ప పలాంకాది కాదూ?" అంది యోలిమా.

సాయంత్రం బస్సులో నూబియా అందరికీ ఫోన్ చేసి ఉన్నమాటే చెప్పింది: "గెలిచాడులే. పలాంకాతో."