గంగాధరప్ప కుడిచేయి లేచిన విధము

పడమటి మేఘములు చిలమత్తూరు పొలిమేర దాకా వచ్చి, అనంతపురం సీమను ఒక్క చూపు చూచి, ఇచట కురిసి మాత్రమేమి లాభమని కన్నడదేశమునకు మరలిపోయిన పందొమ్మిదివందల అరువదియొకటవ సంవత్సరమున, ఆషాఢమాసము మొదలుకొని, ఎర్రదుమ్మును కిరీటముగా ధరించిన ఒకానొక డిగ్రీ కళాశాలయందు, సర్కులర్‌శస్త్రపాణియు, ఫైలుకవచధారియు, పరీక్షాఫలితచింతాక్రాంతచిత్తుడును అగు వైస్ ప్రిన్సిపాల్ గంగాధరప్ప సాగించిన ఘోరసంగ్రామమిది. చెవులున్నవారు వినుడు, పని ఉన్నవారు పొండు.

శత్రువెవరందురా? మౌనము. విద్యార్థుల మౌనము. అధ్యాపకుడు నోట్సు చెప్పును. డెబ్బది తలలు వంగును. డెబ్బది కలములు గీకును. అర్థమైనదా అని అడుగువాడు లేడు, కాలేదని చెప్పువాడు అంతకన్న లేడు. పరీక్షలో ఆ నోట్సు కక్కలేక ఏటేటా సగముమంది తప్పి, ఊళ్ళకు మరలి కూలికి పోవుచుండిరి. నోటీసుబోర్డులో తమ నంబరు కొరకు మూడుసార్లు వెదకి, నాలుగవసారి వెదకుటకు ధైర్యము చాలక నిలబడిన ముఖములను తొమ్మిదేండ్లుగా చూచిన గంగాధరప్పకు ఆ దినములలో సంగటి ముద్ద గొంతు దిగెడిది కాదు.

కావున యుద్ధము ప్రకటించెను. మొదట సర్కులర్ వదలెను: "ప్రతి తరగతిలో చివరి పది నిమిషములు ప్రశ్నలకై విడువవలెను." అధ్యాపకులు ఆ పది నిమిషములలో మరి రెండు పుటల నోట్సు చెప్పిరి. పిమ్మట ప్రశ్నలపెట్టె అను దివ్యాస్త్రమును వరండా స్తంభమునకు వ్రేలాడదీసెను. నెలదినములకు తాళము తీయించి చూడగా మూడు బల్లిగుడ్లును, కదిరి బస్సు టికెట్టొకటియు, "ఈ పెట్టె దేనికి?" అను చీటియు లభించెను. "ప్రశ్న వచ్చినది!" అని ఆ వీరుడు గంతువేసెను. చీటి వ్రాసినది విద్యార్థి కాదు, అటెండరు మాబాషా అని తరువాత తెలిసెను.

వెంటనే అతనిని పిలిపించి, బల్లపై పిడికిలి మోపి, మేఘగంభీరస్వరమున పలికెను: "మాబాషా! జ్ఞానసముద్రతీరమున నిలిచియు దోసెడు నీళ్ళడుగలేని ఈ యువజనమును మేల్కొల్పుటకు నేను వేయని అస్త్రమేమున్నది? పన్నని వ్యూహమేమున్నది? చెప్పుము!"

మాబాషా బల్ల తుడుచు గుడ్డను భుజాన వేసికొనెను. "అడిగినానని ఏమనుకోవద్దు సార్. మీరు చదివే కాలంలో, మీరెప్పుడన్నా లేసి అడిగినారా?"

గంగాధరప్ప బల్లపై మోపిన పిడికిలి విప్పెను. ఈ కథ చెప్పువాడు దాచిపెట్టుకొన్న సమాసములన్నియు పోగుచేసినను ఆ నిశ్శబ్దమునకు చాలవు.

"లేదు మాబాషా," అనెను మెల్లగా. "ఒక్కసారి గూడా లేదు. బట్టీపట్టినా. ఫస్టుక్లాసు వచ్చినాది. భయం మాత్రం పోలేదు."

"మీకే అంత భయముంటే పిల్లోళ్ళకు ఉండదా సార్? పెట్టె తగిలిస్తే పోతాదా?"

మరునాడు గంగాధరప్ప నిరాయుధుడై, ఎకనామిక్స్ లెక్చరర్ ఆంజనేయులు తరగతిలో చివరి బెంచీపై కూర్చుండెను. ఆంజనేయులు పందొమ్మిదేండ్లనాటి నోట్సు విప్పి, క్షీణప్రతిఫల సూత్రమును ఇంగ్లీషున చెప్పసాగెను: భూమి అంతే యుండగా కూలీలను పెంచుకొలది ప్రతిఫలము తగ్గును. కలములు గీకెను. గంగాధరప్పకు అర్థము కాలేదు. తగ్గునది పంటయా, పంటలోని పెరుగుదలయా? ఈ సూత్రమునకే మార్కులు గడించినవాడు. అది తనకు ఇరువదియైదేండ్లుగా తెలియదని ఇప్పుడే తెలిసినది.

అపుడు మొదలయ్యెను అసలు సమరము. కుడిచేయి నాలుగంగుళములు లేచి, మీసము దువ్వు నెపమున దిగెను. మరల లేచి, చెవి గోకి దిగెను. వైస్ ప్రిన్సిపాల్‌కు ఇదీ తెలియదా అని డెబ్బదిమంది నవ్వుదురేమోనను భయము గదాఘాతమువలె గుండెను మోదుచుండ, చొక్కా తడిసి వీపున కంటుకొనుచుండ, మూడవ పర్యాయము ఆ మహానుభావుడు తన సమస్తపరాక్రమమును మోచేతియందు కూడగట్టి, కన్నులు మూసికొని, హస్తమును పైకెత్తెను.

"సార్," అనెను, గొంతు కీచుమనగా. "నాకు అర్థం కాలేదు."

కలములు ఆగెను. ఆంజనేయులు ముఖము పాలిపోయెను. "తప్పేమన్నా చెప్తినా సార్?"

"లేదప్పా. నిజంగానే అర్థం కాలేదు. తగ్గేది పంటనా, పంటలో పెరిగేదా?"

ఆంజనేయులు పుట తిప్పెను. మరియొకటి తిప్పెను. అందు జవాబు లేదు. నోట్సు మూసి, ఎన్నేండ్లకో సుద్దముక్క చేతబట్టెను. "ఒక మనిషి చేస్తే పది మూటల చెనక్కాయలు అనుకుందాం. ఇద్దరు చేస్తే పద్దెనిమిది. ముగ్గురైతే ఇరవై నాలుగు. పంట పెరుగుతానే ఉండాది. కానీ పెరిగేది చూడండి... ఎనిమిది, ఆరు..." మధ్యలో ఆగి, బోర్డును చూచి, "ఓహో!" అనెను.

అంతట ముందు బెంచీనుండి తనకల్లు ఊరి నల్లమ్మ లేచెను. ఈమె మెట్టచేలలో కూలిచేయు హనుమంతప్ప కూతురు. రెండేండ్లలో హాజరు పలుకుటకు తప్ప నోరు విప్పి ఎరుగదు. "సార్, మా పక్క వాన లేక మొదటి మనిషికే ఏమీ రాదు. పదిమంది దున్నినా అంతే. ఈ సూత్రం మాకు యాడ మొదలైతాది సార్?"

కొందరు నవ్వబోయి మానుకొనిరి. ఆంజనేయులు బోర్డుపైని పదిని చెరిపివేసెను. "నాకు తెలీదమ్మా. కూర్చో... కాదు, నిలబడే ఉండు. ఆలోచిద్దాం."

"నీళ్ళు గూడా లెక్కలోకి రావాల సార్," అని వెనుకనుండి ఒకడనెను. "నీళ్ళు కాదప్పా, ముందు భూమే వేరే," అని మరియొకడు వానిపై విరుచుకుపడెను.

గంట మ్రోగెను. ఎవరును లేవలేదు. మాబాషా వాకిట తొంగిచూచి, "ఏమప్పా, గంట కొడితి గదా, వినపళ్ళేదా?" అని కేకవేయగా, గంగాధరప్ప పెదవిపై వ్రేలుంచి వారించెను.

మ్రోగుడు, దుందుభులారా! ఆ యేటి ఫలితములు పెద్దగా మారలేదు. ఆంజనేయులు వారము తిరుగకయే మరల నోట్సు విప్పెను. అయినను ఒక మంగళవారమున, ఒక తరగతి, ఎవరి ఆజ్ఞయు లేకయే, గంట మ్రోగిన పిమ్మట ఏడు నిమిషములు కూర్చుండి వాదులాడెను. ఆ ఏడు నిమిషములకు గంగాధరప్ప ఏకచ్ఛత్రాధిపతి. ఎనిమిదవ నిమిషమున లాజిక్ తరగతివారు వచ్చి గది ఖాళీ చేయించిరి.