మనిషితనం ముప్ఫై శాతం

పాఠకులారా, వయొలిన్ వాయించే మనుషులు ఇక మనకు అక్కర్లేదు! నోరెళ్ళబెట్టకండి. కోపం వస్తే గ్లాసుడు మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత చదవండి.

శాంప్లర్ అని ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎవరో ఎప్పుడో వాయించిన వయొలిన్‌ను ఒక్కో స్వరంగా రికార్డు చేసి అందులో కుక్కిపెట్టారు. కంప్యూటర్‌కు తగిలించిన కీబోర్డు మీద వేలు పెడితే చాలు, ముప్ఫై వయొలిన్లు ఒక్కసారిగా పలుకుతాయి. ఆ ముప్ఫై మందిలో ఒక్కడూ టీ అడగడు. ఒక్కడికీ నడుం పట్టదు. కూతురి పెళ్ళని సెలవు పెట్టేవాడు ఒక్కడూ లేడు! ఇంతకన్నా వరం ఏముంటుంది?

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఇరవై ఆరేళ్ళు ఒకే రికార్డింగ్ స్టూడియోలో వయొలిన్ వాయించాడు. ఆ స్టూడియో ఓనరువి పాము చెవులు. బావ వెంట్రుకవాసి ఆలస్యంగా అందుకుంటే చాలు, అద్దం అవతలి నుంచి "మాస్టారూ, మళ్ళీ!" అని అరిచేవాడు. ఆయనే ఒకరోజు బావను పిలిచి, "కాలం మారింది. నెల్లోపల శాంప్లర్ నేర్చుకుంటే ఉంటారు, లేకపోతే మీ ఇష్టం" అన్నాడు.

బావకు ఇంకో పని రాదు. వయొలిన్‌ను బీరువాలో దుప్పట్ల కింద దాచి, ఇంట్లో వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

విద్య అంటే ఇదీ! వయొలిన్‌కు ముష్టి నాలుగు తీగలు. ఇందులో నాలుగు వందల మీటలు! నేర్పే వీడియోలో ఒకాయన "వెరీ సింపుల్" అని నవ్వుతాడు, నవ్వుతూనే ఒక మెనూ లోపలి ఇంకో మెనూలోకి దూరి మాయమైపోతాడు. వారం రోజులు సౌండే రాలేదు. ఎనిమిదో రోజున వచ్చింది గానీ ఆపడం తెలియలేదు. అక్క వచ్చి మెయిన్ స్విచ్ కట్టేసింది.

పదిహేనో రోజున బావకు ఒక గుండ్రటి మీట దొరికింది. పేరు హ్యూమనైజ్. దాన్ని తిప్పితే స్వరాలు కాస్త ముందూ వెనకా పడతాయి, మనిషి వాయించినట్టు ఉంటుందట. ఏ వెంట్రుకవాసికి ఇరవై ఆరేళ్ళు చీవాట్లు తిన్నాడో, ఆ వెంట్రుకవాసి కోసమే కంపెనీవాళ్ళు మీట చేసిపెట్టారు!

"చూశావుట్రా, నా తప్పులన్నీ ఇక్కడున్నాయి" అన్నాడు బావ. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నెలాఖరుకు ఒక ఫైలు పంపాడు.

"మెషీన్‌లా ఉంది మాస్టారూ. హ్యూమనైజ్ ముప్ఫై పెట్టండి" అన్నాడు ఓనరు. పెట్టాడు. "యాభై పెట్టండి." పెట్టాడు. "ఇప్పుడు తాగి వాయించినట్టుంది. రేపు మధ్యాహ్నానికి కుదరకపోతే ఇక రానక్కర్లేదు."

మర్నాడు పొద్దున బావ దుప్పట్లు తీశాడు. తలుపు మూసుకుని, ఉన్న ఆ నాలుగు తీగలతోనే వాయించి రికార్డు చేసి, అది శాంప్లర్ వాయించిందేనని పంపేశాడు. నేను గోడకు ఆనుకుని విన్నాను. నాకు సంగీతం ఓనమాలు కూడా రావు. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

"అద్భుతం!" అన్నాడు ఓనరు. "చూశారా, ఇరవై ఆరేళ్ళలో మీ చేతికి రానిది సాఫ్ట్‌వేర్ నెల్లో తెచ్చింది!"

అందుకేనండీ వరం అంటున్నది! మూడు వారాల పాటు బావ ఇంట్లోంచే శాంప్లర్ పేరు మీద వాయించాడు. "మళ్ళీ" అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. నాలుగో వారం ఓనరుకు జ్ఞానోదయమైంది. సాఫ్ట్‌వేరే ఇంత బాగా వాయిస్తుంటే మీట తిప్పడానికి మాస్టారెందుకు? నిన్నటిదాకా ఫోన్ కవర్లు అమ్మిన తన తోడల్లుణ్ణి తెచ్చి స్టూడియోలో శాంప్లర్ ముందు కూర్చోబెట్టాడు. బావకు ఓ నమస్కారం పెట్టి పని మాన్పించాడు.

మొన్న మధ్యాహ్నం ఓనరు ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, మావాడికి ఆ సౌండ్ రావడం లేదు. హ్యూమనైజ్ వంద దాకా తిప్పి చూశాడు. మాస్టారు ఏ వెర్షన్ వాడారో కాస్త కనుక్కుని చెప్తారా?"

అక్క వెనకగది వైపు ఓసారి చూసింది.

"ఆ వెర్షన్ ఇప్పుడే భోంచేసి పడుకుందండీ. నేను లేపను" అని ఫోన్ పెట్టేసింది.