ఊలు వస్త్రం, మెరూన్ రంగు, ఒకటి

బీరువా తలుపు మూసుకోకపోవడమే ఈ శతాబ్దంలో మానవజాతి ముందున్న అసలు సమస్య అని జనవరి మూడో తారీకు ఉదయం తొమ్మిదిన్నరకు గోపాలపట్నంలో నిర్ధారణ అయింది. నిర్ధారించినది రోజారమణి. వాడిన పరికరం ఆవిడ కుడి భుజం. మూడుసార్లు తోసినా తలుపు పడలేదు. నాలుగోసారి తోస్తే పై అరలోంచి ఒక చీరల కట్ట వచ్చి నెత్తిమీద పడింది. ఆ కట్టలో ఉన్న పదకొండు చీరల్లో నాలుగు తనవేనని ఆవిడ గుర్తుపట్టింది. (మిగతా ఏడూ కూడా తనవే. ఒప్పుకోవడానికి ఇంకో రోజు పట్టింది.)

ఆ మధ్యాహ్నమే ఫోనులో ఒక వీడియో చూసింది. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ ఏడాదికి ఇన్ని పాయింట్లని తనకు తానే రేషన్ పెట్టుకుని, అవి అయిపోతే ఇక గుడ్డపీలిక కొననని ఒట్టేసుకుని, కావలసినవి ఊలుతో అల్లుకుంటోంది. రోజారమణికి ఆ పద్ధతి తెగ నచ్చేసింది. అల్లిక ఆవిడకి కొత్త కాదు. పెళ్లికి ముందు విజయనగరంలో పొద్దున్న టైపు, సాయంత్రం అల్లిక నేర్చుకుంది. ఆ సూదులు ఇంకా కుట్టు డబ్బాలో ఉన్నాయి. పైగా, అరకులో నర్సుగా పనిచేస్తున్న కూతురు కీర్తన నెల తప్పిందని కొత్త సంవత్సరం నాడే కబురు వచ్చింది. సెప్టెంబరులో బిడ్డ. పుట్టింట్లో మూడు నెలలు గడిచాక, డిసెంబరులో, సరిగ్గా ఎముకలు కొరికే చలిలో ఆ పసిగుడ్డు అరకు వెళ్లాలి. "అమ్మా, కొన్నది వద్దే, నీ సేత్తో అల్లింది కావాలి" అంది కీర్తన. రోజారమణి మాటిచ్చింది.

ఆ ఊపులో అపార్ట్‌మెంటు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రకటన కూడా చేసేసింది. ఈ ఏడాది అరవై పాయింట్లు, అంతకు మించి ఒక్క గుడ్డ ముట్టను అని. మూడో అంతస్తు మంగాయమ్మ దానికి కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మ ఒకటి పెట్టింది. ఆ బొమ్మని రోజారమణి మరిచిపోలేదు.

ఇంతవరకూ ఇది ఒక ఇల్లాలి సొంత వ్యవహారం. ఇక్కడే కామరాజు ప్రవేశించాడు.

కామరాజు ఆవిడ భర్త. స్టీల్ ప్లాంట్ స్టోర్సులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన సంతకం లేకుండా ఆ గేటు దాటి ఒక్క బోల్టు బయటికి పోలేదు. రిటైరైన ఏడాదిన్నరలో ఆయన సంతకం అడిగింది ఒక్క కొరియరు మనిషే. వాడు కూడా ఫోను తెర మీద వేలితో గీకమన్నాడు. ఆ రోజు కామరాజు సరిగా అన్నం తినలేదు.

"ఒట్టేసుకుంటే సరిపోద్దేటే? దానికో ప్రొసీజరుండాలి కాదేటి?" అన్నాడు.

"నాకు నానే పెట్టుకున్న రూలండీ. దానికి మల్లీ ప్రొసీజరేటి?"

"అదే తప్పు. ఎవుల సరుకు ఆల్లే ఇచ్చీసుకుంటే దాన్ని స్టోర్సులో దొంగతనం అంటారు."

వారం తిరిగేసరికి గృహ వస్త్ర నియంత్రణ విభాగం ఏర్పడింది. దానికి బాల్కనీలో ఒక టేబులు, ఒక కుర్చీ (దరఖాస్తుదారులు నిలబడవలెను), మెయిన్ రోడ్డు మీద చేయించిన రెండు రబ్బరు స్టాంపులు, పదిహేడు నిబంధనల పుస్తకం ఒకటి సమకూరాయి. పనివేళలు ఉదయం పది నుంచి ఒంటిగంట. చీరకు పది పాయింట్లు, జాకెట్టుకు మూడు, లంగాకు రెండు, ఊలు ఉండకు రెండు. ఏది కావాలన్నా మూడు కాపీల్లో ఇండెంటు (సరుకు కోరుతూ రాసే కాగితం) పెట్టాలి. మొదటి కాపీ దరఖాస్తుదారుకి, రెండోది ఫైలుకి. మూడోది ఎందుకో ప్లాంటులోనూ ఎవరికీ తెలియదు. భోజనాల దగ్గర అధికారీ దరఖాస్తుదారూ ఒకే బల్ల ముందు కూర్చునేవారు గానీ, పులుసు వడ్డిస్తూ రోజారమణి ఒకసారి లంగా ప్రస్తావన తెస్తే, "ఆఫీసుకి రా" అన్నాడు ఆయన.

పైవాటాలో ఉండే స్నేహితుడు సింహాద్రి ఇదంతా చూసి, "మరి నీ గుడ్డల మాటేటి బావా?" అని అడిగాడు.

"నానా? నాను డిపార్ట్‌మెంటు బావా. డిపార్ట్‌మెంటుకి రేషన్ కార్డుంటాదేటి?"

నిజానికి కామరాజుకి బట్టల యావ లేదు. ఉన్న మమకారమంతా ఒకే ఒక్క స్వెటరు మీద. రిటైరైన రోజు సెక్షన్ వాళ్లంతా కలిసి ఇచ్చిన మెరూన్ రంగు స్వెటరు అది. డిసెంబరు, జనవరుల్లో విశాఖ పట్నాన్ని ఇరవై డిగ్రీల భయంకరమైన చలి వణికించే ఆ కొద్ది వారాలూ ఆయన దాన్ని వేసుకుని వాకింగుకి వెళ్లేవాడు. మిగతా పది నెలలూ అది ప్లాస్టిక్ కవర్లో, కలరా ఉండల మధ్య విశ్రాంతి తీసుకునేది.

ఫిబ్రవరిలో భౌతిక తనిఖీ జరిగింది. బీరువాలోని చీరలన్నీ మూడు రోజులు మంచం మీదే ఉన్నాయి, దంపతులు హాల్లో చాప మీద పడుకున్నారు. మొత్తం రెండు వందల పద్నాలుగు తేలాయి. రోజారమణికి సిగ్గేసింది. కామరాజుకి మాత్రం ఆనందంతో కళ్లు చెమర్చాయి. అంత సరుకు చేతికి వచ్చి చాలా కాలమైంది. ఆ ఉత్సాహంలోనే, ఆవిడ కట్టని పట్టుచీరల పని పట్టడానికి, పదిహేడో నిబంధన రాశాడు. 'ఆరు నెలలుగా వాడకంలో లేని వస్త్రము కదలిక లేని సరుకుగా పరిగణింపబడును. అధికారి ఆమోదముతో దానిని విప్పి, కత్తిరించి వాడుకొనవచ్చును. పాయింట్లు లేవు.'

రోజారమణి నిష్ఠగానే ఉంది. జూన్ వచ్చేసరికి వాడింది తొమ్మిది పాయింట్లే. ఊలుకి ఆరు ఉండలు, అంటే పన్నెండు పాయింట్లు చాలు. ముందే కొని దాచేసుకుందామని మేలోనే ఇండెంటు పెట్టింది.

"అవసరం ఎప్పుడూ?" అని అడిగాడు అధికారి.

"డిసెంబరండీ."

"తొంభై రోజుల కంటే ముందు ఇండెంటు తీసుకోరు. సెప్టెంబరులో రా."

ఈలోగా సీమంతం వచ్చింది. వియ్యపురాలు జోగమ్మ తగరపువలస నుంచి నిండుగా చీరా జాకెట్టూ తెచ్చి పెట్టింది. మరో ఇద్దరు బంధువులు చెరో చీర పెట్టారు. రోజారమణి బొట్టు పెట్టించుకుని మురిసిపోతుంటే, కామరాజు గుమ్మం దగ్గర నిలబడి ముప్ఫై మూడు పాయింట్లు కోశాడు.

"ఇవి కొన్నవి కావండీ! పెట్టినవి!"

"గేటులోంచి లోనకొచ్చిందా లేదా? సరుకు ఎలగ వచ్చిందని గేటు అడగదు."

"మరి మనం కూడా ఆల్లకి పెట్టాం కదా? అవి తిరిగి కలపరా?"

"ఇచ్చినప్పుడు లెక్క లేదు. వచ్చినప్పుడే ఉంటాది."

మిగిలినవి పద్దెనిమిది. ఫర్వాలేదు, పన్నెండు చాలు అనుకుంది. ఆ పన్నెండింటి జోలికి ఎవర్నీ రానివ్వకూడదని గట్టిగా నిర్ణయించుకుంది కూడా. అప్పుడు శ్రావణ మాసం వచ్చింది.

శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిస్తే వెళ్లకుండా ఉండే ఆడది ఉత్తరాంధ్రలో ఇంకా పుట్టలేదు. వెళ్లాక పసుపూ కుంకుమా శనగలూ జాకెట్టు ముక్కా ఇస్తే, వద్దనే ముత్తైదువ ఎక్కడా పుట్టబోదు. రోజారమణి ఆరు ఫ్లాట్లకి వెళ్లింది, ఆరు జాకెట్టు ముక్కలతో వచ్చింది. అందులో మంగాయమ్మ ఇచ్చిన చిలకాకుపచ్చ ముక్క, మార్చిలో తను మంగాయమ్మకి ఇచ్చిందే. అంచున ఉన్న నూనె మరక కూడా తనదే. ఆ అపార్ట్‌మెంటులో పదేళ్లుగా మొత్తం పాతిక జాకెట్టు ముక్కలే తిరుగుతున్నాయని, ఒక్కటీ ఇంతవరకు కుట్టించబడలేదని విభాగం తరువాత ఒక నివేదికలో పేర్కొంది. కానీ కోత కోతే. ఆరు మూళ్లు పద్దెనిమిది.

సెప్టెంబరులో మహలక్ష్మిలాంటి పిల్ల పుట్టింది. శ్రీసత్య అని పేరు పెట్టారు. అదే వారం ఊలు ఇండెంటు వేళకే స్వీకరించబడి, పాయింట్లు లేనందున వేళకే తిరస్కరించబడింది.

"పసిగుడ్డండీ! అరకు సలి మీకు తెల్దేటి? మీ మనవరాలే కాదా?"

"నాకు మాత్రం లేదేటే పేవఁ? రూలు రూలే. రేపు ఆడిట్ వస్తే నానేటి సెప్పాలి?"

"ఆడిట్ ఎవులండీ?"

కామరాజు నిబంధనల పుస్తకం తిరగేశాడు. "నానే" అన్నాడు.

పోనీ పిల్ల పేరు మీద కొత్త కార్డు ఇమ్మంటే, దరఖాస్తు మీద పిల్ల సంతకం కావాలన్నాడు. వేలిముద్ర చాలదా అంటే, వేలిముద్ర వేసేవాళ్లకి సాక్షి కావాలి, సాక్షి రక్త సంబంధీకుడు కాకూడదు, కాకపోతే ఇంట్లోకి రానివ్వకూడదు (తొమ్మిదో నిబంధన) అన్నాడు. దొంగచాటుగా ఆరు ఉండలు కొనుక్కుంటే ఎవరికి తెలుస్తుందని రోజారమణికి ఒకసారి అనిపించింది. కానీ ఒట్టు తనది. నెలనెలా "ఎన్ని పాయింట్లున్నాయి వదినా?" అని అడిగే మంగాయమ్మ బొమ్మ కళ్లముందు మెదిలింది. ఆ పూట ఆవిడ నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ, నిబంధనల పుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. రాసినవాడితో సహా ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

మర్నాడు పది గంటలకి బాల్కనీ ముందు నిలబడింది. చేతిలో పదిహేడో నిబంధన కింద కదలిక లేని సరుకు జాబితా, నలభై మూడు వస్తువులు, నాలుగు పేజీలు, మూడు కాపీలు. సింహాద్రి గారి కంప్యూటర్లో ఆవిడే స్వయంగా టైపు చేసింది. పాత లంగాలు, చిరిగిన కర్టెన్లు, పట్టుచీరలు, దిండు గలీబులు. ఇరవై తొమ్మిదో వరుసలో, 'ఊలు వస్త్రం, మెరూన్ రంగు, ఒకటి. కదలిక ఫిబ్రవరి నుంచి లేదు.'

కామరాజు కళ్లు మెరిశాయి. అంచులు సమంగా ఉన్నాయి, వరుస సంఖ్యలు ఎర్ర సిరాలో ఉన్నాయి, మూల పిన్ను కూడా ఏటవాలుగా, పద్ధతి ప్రకారం ఉంది. అంత అందమైన కాగితంలో తప్పుంటుందని అనుమానించడం ఆయన చదువుకున్న స్టోర్సులో లేదు. అక్కడ చదివేవాళ్లు వేరు, సంతకం పెట్టేవాళ్లు వేరు. రెండూ ఒకరే చేస్తే వ్యవస్థ ఆగిపోతుంది. పన్నెండు సంతకాలు పెట్టాడు. పన్నెండు చోట్ల 'స్వయముగా పరిశీలించితిని' అని స్టాంపు కొట్టాడు.

"ఇప్పుడు నేర్సుకున్నావే పని" అని మెచ్చుకున్నాడు.

స్వెటరు కుట్టు విప్పుతున్నప్పుడు రోజారమణి రెండుసార్లు కత్తెర కింద పెట్టేసింది. కానీ అంచు దొరికి ఒక్కసారి లాగేసరికి అది సరసరా ఊడిపోతూనే వచ్చింది. ఊలు చిలప చుట్టి, ఉతికి, ముడతలు పోవడానికి కింద చెంబు కట్టి ఆరబెట్టింది. ఆరాక ఉండ చుట్టాలంటే ఎవరో ఒకరు చేతులు చాపి చిలప పట్టుకోవాలి. పనివేళలు అయిపోయాయి కనుక కామరాజే పట్టుకున్నాడు.

"ఈ రంగెక్కడో సూసినట్టుందే" అన్నాడు.

"మీరు పాస్ చేసిందేనండీ."

"అదీ మాట" అని తృప్తిగా చేతులు ఇంకాస్త చాపాడు. ఒక స్వెటరు, ఒక టోపీ, రెండు జతల మేజోళ్లు తయారయ్యాయి. పాయింట్లు సున్నా.

డిసెంబరులో కీర్తననీ పిల్లనీ తీసుకుని అందరూ అరకు వెళ్లారు. రైలు దిగేసరికి మంచు పొగలా కమ్ముకుని ఉంది. శ్రీసత్య మెరూన్ స్వెటరులో, మెరూన్ టోపీలో వెచ్చగా, బుగ్గలు ఉబ్బించుకుని నిద్రపోతోంది. కామరాజుకి పళ్లు టకటకమంటున్నాయి.

"నా స్వెటరు ఏ సంచిలో పెట్టేవే?"

రోజారమణి ఫైలు తీసి (ప్రయాణంలో అసలు కాపీ వెంట ఉండవలెను, పదకొండో నిబంధన) ఇరవై తొమ్మిదో వరుస మీద వేలు పెట్టి చూపించింది. కామరాజు దాన్ని చూశాడు, కింద సంతకం చూశాడు, పిల్లని చూశాడు.

"సెక్షనోల్లు ఇచ్చిందే అది" అన్నాడు.

"తెలుసండీ." పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన మేజోడు వేళ్లతో నొక్కి చూశాడు, టోపీ అంచు సర్దాడు. పిల్ల నిద్రలోనే ఆయన బొటనవేలు పట్టుకుంది.

"కొలత సరిగ్గా సరిపోనాది" అన్నాడు చివరికి. "సంతకం కూడా బాగా వచ్చింది."

స్టేషనులోనే టీ తాగాక కాస్త తేరుకుని, "మరి నాకో?" అన్నాడు.

"ఇండెంటు పెట్టండి" అంది రోజారమణి.

పిల్లని కీర్తనకి అందించి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, మూడు కాపీల్లో పెట్టాడు. ఆవిడ ఒళ్లో ఫైలు పెట్టుకుని, పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, అడుగున రాసింది. 'అవసరము నిజమే. దరఖాస్తుదారునకు కార్డు లేదు. వచ్చే చలికాలమునకు తొంభై రోజుల ముందు మరల దరఖాస్తు చేసుకొనవలెను. ఇందుకు దరఖాస్తుదారు సమ్మతించడమైనది.'

కామరాజు కాగితం అందుకున్నాడు. అంచులు సమంగా ఉన్నాయి. కింద ఖాళీ చూసుకుని, మూడు కాపీల మీదా సంతకం పెట్టి, స్టాంపు ఏదని అడిగాడు.