సింహాద్రమ్మకు వెబ్‌సైట్ లేదు

పిల్లల వ్యాసాల చివర ఉండే ‘ఆధారాలు’ పేజీని ఎవరూ చదవకపోవడం మన విద్యారంగానికి పట్టిన అదృష్టం! చదవడం మొదలుపెడితే ఎంతమంది పెద్దల పరువు పోతుందో మీకేం తెలుసు?

మొన్న నర్సీపట్నంలో హైస్కూలు పిల్లలకు ‘మన జీడితోటలు’ అని వ్యాసరచన పోటీ పెట్టారు. ఫస్టొచ్చిన వాళ్లను అనకాపల్లిలో జిల్లా పోటీకి పంపుతారు. జడ్జిని నేనే. పత్రికలకు రాసేవాడికి అన్నీ తెలుసని మా ఊళ్లో గట్టి నమ్మకం. నేనెందుకు కాదంటాను?

నలభై వ్యాసాలొచ్చాయి. ముప్ఫై తొమ్మిదింటికి ఆధారాల పేజీ ఒక్కటే! ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్ గంగులు దాన్ని రెడీగా ఉంచుతాడు. జీడికీ అదే, కాలుష్యానికీ అదే, చంద్రయానానికీ అదే. పన్నెండు లింకులు, చుట్టూ పూల బోర్డరు. ధర్మతేజ అనే కుర్రాడైతే పదమూడో లింకు కూడా స్కెచ్ పెన్నుతో రాశాడు. ఫస్ట్ ప్రైజ్ ఇవ్వకుండా ఎలా ఉంటాను?

నలభయ్యోది రోలుగుంట నుంచి వచ్చి చదువుకునే ఈశ్వరిది. అందులో ఒక వాక్యం కొటేషన్లలో ఉంది: “పచ్చిపిక్క కొరికీసేవంటే మూతి కాలిపోద్ది.” చివర ఆధారం రాసింది: మా నాయనమ్మ సింహాద్రమ్మ, జీడిపిక్కలు కాల్చి వలుస్తుంది, ఆదివారం పొద్దున్న ఇంటి దగ్గర చెప్పింది.

ఆధారమంటే మనిషా? పిలిచి అడిగాను.

“మీ నాయనమ్మకి వెబ్‌సైట్ ఉందా అమ్మా?”

“లేదండి. పిక్కల సొన తగిలి సేతుల్నిండా మచ్చలున్నాయండి.”

మచ్చలకి మార్కులు ఎలా వేయను? సున్నా వేశాను. అనకాపల్లి వెళ్లాలని ఎంతో ఆశపడ్డ పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుంది. జాలేసింది గానీ, ప్రమాణాలు ప్రమాణాలే!

ధర్మతేజ అనకాపల్లి బస్సెక్కిన రోజే ఈశ్వరి మా ఇంటికొచ్చింది. స్కూలు నోటీసు బోర్డుకి అంటించిన ధర్మతేజ వ్యాసం చూసి, గంగులు చేత ఆ పదమూడో లింకు తెరిపించి, ప్రింటు తీయించి మరీ తెచ్చింది. ఈ కాలం పిల్లలు ఎంతకు తెగిస్తున్నారో చూశారా! ‘జీడిపప్పును చెట్టు నుంచి కోసి అక్కడికక్కడే తినవచ్చు’ అని ధర్మతేజ రాసిన వాక్యం అందులో అక్షరం పొల్లుపోకుండా ఉంది. కింద రచయిత ఫొటో. ఫొటోలో నేను బాగానే ఉన్నాను.

“ఇది మీకెవరు సెప్పేరండి?” అంది ఈశ్వరి, రాసుకోవడానికి పెన్ను తీసి.

ఎక్కణ్నుంచి దించానో నాకు గుర్తులేదు. సిగ్గేసింది. ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్నాను. ఆ మాట అడిగిన మొదటి మనిషికి నేను సున్నా వేశాను.