సగటున నా పిల్లలిద్దరూ క్షేమం

“సగటున” అన్న మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, చేతులెత్తి దణ్ణం పెట్టాలి! ఏడో తరగతిలో సగటు లెక్కలు మొదలుపెట్టిన వారంలోనే నా చదువు ఆగిపోయింది. లేకపోతే ఈ సుఖం ఎప్పుడో తెలిసేది.

నాకు పది నెలల కవలలు. పిల్లాడు బండోడు, ఎత్తుకుంటే నడుం పట్టేస్తుంది. పిల్ల పిచ్చుక, చంకలో ఉందో జారిందో తడిమి చూసుకోవాలి. గుక్కెడు పాలు తాగి అది మొహం తిప్పేసుకుంటే నా ప్రాణం గిలగిల్లాడేది. ఎంత అజ్ఞానం!

పోయిన నెల ఆస్పత్రిలో పిల్లల బరువులు చూసే రోజు. వరండా దాకా క్యూ. నర్సమ్మ టైమ్ కలిసొస్తుందని ఇద్దర్నీ ఒకే తొట్టిలో కూర్చోబెట్టింది. పదహారు కిలోలు. సగం చేసి, చెరో కార్డులో ఎనిమిదేసి రాసేసింది.

“దాన్ని విడిగా చూడరా అమ్మా?”

“కవలలేగా తల్లీ! సగటున ఇద్దరూ నార్మల్. బక్క పిల్లలకిచ్చే పౌడర్ నీకక్కర్లేదు. జరుగు, జరుగు!”

చూశారా అమ్మలారా! మెతుకు ముట్టకుండా నా పిల్ల నిలబడ్డపళంగా ఒళ్లు చేసింది. ఏ తల్లి పాలకుందండీ ఇంత బలం?

ఆ మాటని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. సగటున నేనూ మా ఆయనా రాత్రికి ఐదేసి గంటలు నిద్రపోతున్నాం. కావాలంటే ఆయన గురకనడగండి! పిల్ల ఇంకా పాకడం లేదని ఏడిస్తే అత్తమ్మ కార్డు తెచ్చి మొహమ్మీద పెడుతుంది. “నార్మల్ అని రాశారుగా! వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?”

నాకేం తెలుసు!

నిన్న కూరగాయల కొట్టులో కాటా ఖాళీగా కనిపించింది. పిచ్చుకని కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ బండోణ్ణీ పక్కన పెట్టబోయాను. కొట్టాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“గుమ్మడికాయనీ కొత్తిమీర కట్టనీ కలిపి తూస్తారా అమ్మా ఎవరైనా?”

పిల్ల ఒక్కతే కూర్చుంది. ముల్లు ఆరు దగ్గర ఆగిపోయింది. పాపం, ఆయనా నాలాగే పెద్దగా చదువుకున్నట్టు లేడు.

రేపు మళ్లీ బరువుల రోజు. బండోణ్ణి అత్తమ్మ ఒళ్లో వేసి, పిచ్చుకని ఒక్కదాన్నే తీసుకెళ్తున్నాను. ఈసారి దేంతో కలిపి భాగిస్తారో చూస్తాను!